గృహిణికి సూచనలు: బండియింట విద్యుత్తు పొదుపు

అమెరికాలోని మన తెలుగువారిలో ఆర్.వి. యను బండియింట సకుటుంబముగా విహారయాత్రలు చేయువారు గలరు. అడవిలో కరెంటుతీగ యుండదు. జనరేటరును యథేచ్ఛముగా నడుపనీయరు. యోసెమిటీ వనమునందలి విడుదులలో ఉదయము 7 మొదలు 9 వరకు, మధ్యాహ్నము 12 మొదలు 2 వరకు, సాయంకాలము 5 మొదలు 7 వరకు మాత్రమే యనుమతి.

వీనిలో ఉదయకాలమే శ్రేష్ఠము. ఏలయన, రాత్రి వాడుకచే తరిగిన సీసపుపలకల బ్యాటరీ తొలుత విద్యుత్తును వేగముగా గ్రహించును. నూటికి 80 పాళ్లు నిండిన పిమ్మట తక్కిన 20 పాళ్లకు గంటలకొలది పట్టును. ఆ శేషమును సూర్యఫలకమునకు విడువుడు.

2000 వాట్ల జనరేటరుపై మైక్రోవేవు పొయ్యిని, ఛార్జరును ఒక్కసారి నడిపినచో భారము మించవచ్చును. ఒకదాని వెనుక నొకటి నడుపుడు. జనరేటరు పొగ ప్రాణాంతకము. కిటికీలకు దూరముగా నుంచుడు.

12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగము, అనగా 600 వాట్-గంటలు మాత్రమే వాడదగును. మించినచో దాని యాయువు క్షీణించును. చలిరాత్రి బ్యాటరీ యుడిగెనా, వెచ్చనిగాలి నందించు పంకా ఆగును; పిల్లలు వణకుదురు. కావున వెలుతురుండగనే పనులు ముగించుకొని, రాత్రికై విద్యుత్తును మిగుల్చుకొనుటయే నేర్పరి యిల్లాలి లక్షణము.