తాత రైలుకి ఏ డిజిటల్ కంట్రోలు కొనాలి? నా మాట ఇది

ఉగాదికి అందరం మా ఇంట్లో కలిసినప్పుడు తాత రైలు మీద పెద్ద వాదనే నడిచింది. అమెరికా నుంచి వచ్చిన చిన్నాయన "డబ్బు సంగతి నాకొదిలేయండి, మంచి కంపెనీది పూర్తి సెట్టు తెప్పించేద్దాం" అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఒబ్బట్ల హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నా. నాది కన్నడ మీడియం చదువు, తెలుగు రాయడం ముప్పై దాటినాకే నేర్చుకున్నా. ఎక్కడైనా తలకట్టు దీర్ఘమైపోతే సర్దుకొని చదవండి.

తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం నేపథ్యం. తాత ఉద్యోగమంతా గుంతకల్లు–బెంగళూరు మీటరు గేజీ దారి మీదే గడిచింది. 1892–93లో వేసిన దారి అది. హిందూపురం వదిలి మన కుటుంబం ఇటు రావడానికి కూడా ఆ దారే కారణం. తాత 1994లో రిటైరయ్యేనాటికి అది బ్రాడ్ గేజీ అయిపోయింది. తను పనిచేసిన స్టేషను రూపమే మారిపోయిందని బాధపడి, మేడ మీద గదిలో ప్లైవుడ్ పలక మీద దాన్ని మళ్ళీ కట్టుకున్నారు. మెయిన్ లైను, ఒక లూపు లైను, గూడ్సు సైడింగు, నీళ్ళ తొట్టి, వేపచెట్టు, అన్నీ ఉన్నాయి. స్కేలు హెచ్.ఓ., అంటే 87లో ఒక వంతు. మీటరు గేజీని ఆ స్కేల్లో చూపించాలంటే 12 మిల్లీమీటర్ల పట్టాలు వేయాలి. ఆయనకి దొరికింది మామూలు 16.5 మిల్లీమీటర్లది, దాంతోనే సరిపెట్టుకున్నారు. ఆ బోర్డు చూసి "అది తప్పు గదా" అన్నవాళ్ళకి మా ఇంట్లో కాఫీ దొరకదు.

ఇప్పుడు అసలు సమస్య. పాత పద్ధతిలో పట్టాలకిచ్చే కరెంటే బండి వేగం. నాబు తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది, ఆ పట్టాల మీద ఎన్ని ఇంజన్లున్నా అన్నీ కదులుతాయి. రెండో బండిని ఆపి ఉంచాలంటే పట్టాలని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి ఒక్కో స్విచ్చి పెట్టాలి. తాత బోర్డుకి అలాంటి స్విచ్చిలు పదకొండున్నాయి. ఆయనకిప్పుడు ఎనభై తొమ్మిదేళ్ళు. చేతులు వణుకుతాయి. ఒక స్విచ్చి వెయ్యబోయి ఇంకోటి వేస్తారు, ఆగాల్సిన బండి బయల్దేరుతుంది. రెండేళ్ళ కింద ఒకసారి అలాగే జరిగి రెండు ఇంజన్లు గుద్దుకున్నాయి. ఆ రోజు బట్ట కప్పేశారు, మళ్ళీ తియ్యలేదు. ఆయనకి కావాల్సింది ఒక్కటే, క్రాసింగు. ఒక బండి లూపులో నిలబడాలి, ఇంకోటి మెయిన్ మీద పోవాలి, అప్పుడిది కదలాలి. జీవితమంతా చేసిన పని అదే గదా.

దీనికి మందు డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. ఇందులో పట్టాలకి ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. ఆ కరెంటు దిక్కు క్షణక్షణం మారుతుంటుంది, ఆ మార్పులోనే కబురు పోతుంది. దిక్కు 58 మైక్రోసెకన్లకి మారితే 'ఒకటి', 100 లేదా అంతకన్నా ఎక్కువ పడితే 'సున్నా'. ఒక్కో ఇంజన్లో డీకోడర్ అనే చిన్న చిప్పు బోర్డు ఉంటుంది, దానికొక నంబరు. "మూడో నంబరు, మెల్లగా ముందుకి పో" అని పట్టాల్లో కబురు పోతే మూడో నంబరే కదులుతుంది, మిగతావి విని ఊరుకుంటాయి. పదకొండు స్విచ్చిలు అక్కర్లేదు. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతిని ఆధారం చేసుకొని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1994లో దీన్ని ప్రామాణికంగా తీసుకుంది. అందుకే ఒక కంపెనీ కంట్రోలు పెట్టెతో ఇంకో కంపెనీ డీకోడర్ నడుస్తుంది.

అన్నీ కలిసి నడిస్తే ఏదో ఒకటి కొనేస్తే సరిపోదా అంటారు చిన్నాయన. ఇక్కడే మెలిక ఉంది. నేను చేసేది టెస్టింగు ఉద్యోగం. "ప్రామాణికం" అనే మాట విన్నప్పుడల్లా అది ఎంతవరకు, ఎక్కడితో ఆగిపోతుంది అని చూడటం నాకు అలవాటు. ఆ ప్రామాణికం పెట్టె నుంచి పట్టాల దాకా, పట్టాల నుంచి డీకోడర్ దాకా ఉంటుంది. మనిషి చేతిలో ఉండే రిమోటుకీ పెట్టెకీ మధ్య లేదు. అక్కడ డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఇంకొకరిది ఇంకోటి. పెట్టె మీద డీసీసీ అని రాసి ఉన్నా, చేతిలో పట్టుకునేది మాత్రం చాలావరకు ఆ కంపెనీ ఇచ్చిందే.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నా. మూడేళ్ళ కింద ఒక విదేశీ సెట్టు నేనే తెప్పించా. ఎనిమిది నెలలు బాగా నడిచింది. తర్వాత రిమోటు వైరు పెట్టే సాకెట్టు చచ్చింది. కంపెనీకి రాస్తే తిరిగి పంపమన్నారు. పంపే ఖర్చు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్, అంతా లెక్కేస్తే కొత్తదానికి దగ్గరకొచ్చింది. ఎస్.పీ. రోడ్డుకి తీసుకెళ్ళా. అక్కడి కుర్రాడు విప్పి చూసి "సాకెట్టు దొరకదు మేడం, వేరేది పెడదామంటే ఇది వేరే రిమోటుతో మాట్లాడదు" అన్నాడు. పెట్టె నిక్షేపంగా ఉంది, రిమోటు ఒక్కటే పోయింది, అయినా రెండూ అటకెక్కాయి. అదే సమయంలో తాత పాత స్విచ్చిలకి తిరిగి వెళ్ళారు. గుద్దుకోవడం ఆ తర్వాతే. అందుకే ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ.

కాబట్టి నా మాట ఇది. మనలాంటి ఇళ్ళల్లో కంట్రోలు కొనేటప్పుడు అది ఏమేం చేస్తుందని కాదు, పాడైతే మన వీధిలో ఎవరు బాగుచేస్తారని ముందు అడగాలి. దానికి నాకు దొరికిన జవాబు డీసీసీ-ఈఎక్స్. గ్రెగ్ బెర్మన్ అనే ఆయన డీసీసీ++ పేరుతో మొదలుపెట్టినదాన్ని చాలామంది స్వచ్ఛందంగా పెంచుకొస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడ్ మొత్తం తెరిచే ఉంటుంది. కావలసిన సామాను ఆర్డుయినో మెగా బోర్డు, దాని మీద మోటార్ షీల్డు, వైఫై కోసం ఇంకో చిన్న ముక్క, ఒక మంచి పవర్ సప్లై. అన్నీ ఎస్.పీ. రోడ్డులో దొరికేవే. మొత్తం ఖర్చు ఒక మాదిరి పట్టుచీరంత కూడా కాదు. బోర్డు కాలిపోతే సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకుంటాం. ఫోన్లో ఇంజన్ డ్రైవర్ అనే ఉచిత యాప్ పెట్టుకుంటే అదే రిమోటు.

"తాతకి ఫోన్ అద్దం మీద వేలు జారుతుంది గదా" అని జేజి అడిగింది. ఆ ఇంట్లో ఎవరూ అడగని సరైన ప్రశ్న అదే. ఫోన్ పిల్లలకి సరే, తాతకి చేతికి తగిలే నాబు కావాలి. తెరిచిన పద్ధతి ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. ఈఎస్‌పీ32 బోర్డుకి తిప్పే నాబు కలిపి వైఫై రిమోటు చేసే కోడ్ కూడా ఉచితంగానే ఉంది. పాత రేడియో నుంచి తీసిన లావుపాటి బిరడా దానికి తగిలించా. తాత రెండు చేతుల్తో పట్టుకుని తిప్పగలరు. దుకాణంలో కొన్న ఏ సెట్టులోనూ ఆయన చేతికి తగిన బిరడా ఉండదు.

చిన్నాయన వైపు కూడా న్యాయం ఉంది, దాచను. సోల్డరింగు రానివాళ్ళకి, కోడ్ జోలికి పోనివాళ్ళకి తయారైన సెట్టే మేలు. రోకో జెడ్21, ఎన్‌సీఈ పవర్ క్యాబ్ లాంటివి పెట్టె విప్పిన అరగంటలో బండి నడిపిస్తాయి. డీసీసీ-ఈఎక్స్‌కి నాకు రెండు వారాంతాలు పట్టింది. నేను లేని రోజు ఆగిపోతే ఇంట్లో ఎవరికీ తెలియదని చిన్నాయన అన్నది నిజమే. అందుకే ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి కాగితం మీద రాసి బోర్డు కింద అంటించా. మా తమ్ముడి కూతురికి పదమూడేళ్ళు, ఆ కాగితం చూసి మొత్తం విప్పి మళ్ళీ కలిపింది. అంతవరకు నేను ఒప్పుకోలేదు. ఒక్కరికే తెలిసిన సిస్టమ్, అది తెరిచినదైనా మూసినదైనా, ఒకటే.

ఏది కొన్నా సరే, మూడు పరీక్షలు మాత్రం చెయ్యండి. మొదటిది ఐదు రూపాయల బిళ్ళ పరీక్ష. పెట్టెకి అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట బిళ్ళని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. వెంటనే కరెంటు ఆగిపోవాలి. ఆగకపోతే వైర్లు సన్నం, ఏదో ఒకరోజు పట్టాల కిందే కాలుతుంది. రెండోది, పాత ఇంజన్ని డీకోడర్ లేకుండా డిజిటల్ పట్టాల మీద పెట్టకండి. గుయ్యిమంటూ మోటారు వేడెక్కి పాడవుతుంది. మూడోది, డీకోడర్ పెట్టేముందు మోటారు రెండు కొసలూ పట్టాల నుంచి పూర్తిగా విడిపోయాయో లేదో మీటరుతో చూడండి. ఎర్ర, నల్ల వైర్లు పట్టాలకి, నారింజ, బూడిద రంగువి మోటారుకి. తాత పాత ఇంజన్లలో మోటారు ఒక కొస నేరుగా ఇంజను ఇనుప చట్రానికే తగులుతోంది. చూడకుండా పెట్టి ఉంటే మొదటి నిమిషంలోనే డీకోడర్ కాలేది.

మన ఊహలకి పెద్ద రైలే ఉదాహరణ. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య కవచ్‌ని పరీక్షించి చూపించారు, రైలు దానంతటది ఆగింది. అందులో నాకు నచ్చింది రైలు ఆగడం ఒక్కటే కాదు. ముందు ఆర్‌డీఎస్‌ఓ నిర్దేశాలు రాసింది, ఎవరు తయారుచేసినా పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడాలన్నది. అంత పెద్ద సంస్థే ఒక కంపెనీ చేతిలో చిక్కుకోవద్దనుకుంటే, మేడ మీద గదిలో మనమెందుకు చిక్కుకోవాలి?

ఇంకో మాట. డిజిటల్ వచ్చినంత మాత్రాన బండ్లు గుద్దుకోకుండా ఉండవు. పట్టాలన్నిటికీ ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి ఇద్దరు పిల్లలు రెండు ఫోన్లతో ఎదురెదురుగా నడిపితే గుద్దుకోవడం ఇంకా సులువు. పాయింట్లని కూడా డిజిటల్ చేద్దామనుకున్నా, తాత వద్దన్నారు. "పాయింటు చేత్తో వెయ్యాలమ్మా, లేకుంటే స్టేషన్లో మనిషెందుకు" అన్నారు. లీవర్లు అలాగే ఉంచాం. సింగిల్ లైన్లో ఒకప్పుడు టోకెన్ చేతికి రానిదే డ్రైవరు బండి కదిపేవాడు కాదు, ఒక సెక్షనుకి ఒకేసారి ఒకే టోకెన్ బయటికొచ్చేది. మా ఇంట్లో టోకెన్ ఒక గాజు గోలీ. గోలీ ఎవరి చేతిలో ఉంటే మెయిన్ లైను వాళ్ళది. ఇచ్చేది మాత్రం తాతే.

చిన్నాయనా, మీరు డబ్బు పెట్టాలనుకోవడం నాకు సంతోషమే. ఆ డబ్బు పెట్టెకి కాదు, డీకోడర్లకి పెట్టండి. పెట్టె రేపు మార్చుకున్నా, మీరన్న కంపెనీదే కొనుక్కున్నా, మంచి డీకోడర్లు అలాగే పనికొస్తాయి, ప్రామాణికం కాపాడేది వాటినే. తాత దగ్గర ఐదు ఇంజన్లున్నాయి, రెండిటికే పెట్టగలిగా. మొదటిదానికి వేగం మెల్లగా పెరిగేలా సెట్టింగు మార్చి నాబు ఆయన చేతికిచ్చా. బండి కుదుపు లేకుండా కదిలింది. తాత కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇంకా మెల్లగా, వెనక గూడ్సు డబ్బాలున్నాయి గదా" అన్నారు. ఆ సెట్టింగు ఇంకా పెంచాలి.

దసరాకి జేజి బొమ్మల కొలువు ఈసారి మేడ మీద గదిలోనే, రైలు పక్కన. మిగతా మూడు ఇంజన్లకి అప్పటిలోగా డీకోడర్లు రావాలి. వచ్చేవాళ్ళు ఒక ఐదు రూపాయల బిళ్ళ తెచ్చుకోండి, పరీక్ష మీరే చేద్దురు.