రైలు చూద్దామని బస్సెక్కితే

ఎల్లారెడ్డికి రైలు లేదు. రైలెక్కాలంటే ముందు బస్సులో కామారెడ్డి చేరాలి. అక్కణ్నుంచి సికింద్రాబాద్ వంద కిలోమీటర్ల పైమాటే. సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని కాచిగూడ స్టేషన్‌లోని రైల్వే మ్యూజియానికి బయల్దేరే అమ్మానాన్నలకు తెలియనిదొకటుంది... మ్యూజియం ఎల్లారెడ్డి బస్టాండులోనే మొదలైపోతుందని!

ఎలాగంటారా? నిజాం రాజ్యంలో సర్కారీ బస్సుల్ని నడిపింది రైల్వేనే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం పెట్టింది. నేటి ఆర్టీసీకి పునాది అదే. చాలా ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే 'జెడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. పిల్లలకు అది చూపిస్తే టికెట్ కొనక్కర్లేని మొదటి ప్రదర్శన అయిపోయినట్టే.

రెండోది కామారెడ్డిలో. ఇది మన్మాడ్ లైను. 1900 ప్రాంతంలో 'హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే' పేరుతో వేసిన మీటరు గేజీ దారి. పేరులో ఉన్నట్టే పట్టాల మధ్య ఎడం సరిగ్గా మీటరు. మన్మాడ్‌లో బొంబాయి లైనేమో బ్రాడ్ గేజీ... 1,676 మిల్లీమీటర్లు. అంటే ఇక్కడ ఎక్కించిన బస్తా బొంబాయి చేరాలంటే మధ్యలో హమాలీ భుజమెక్కి ఇంకో రైలుకు మారాల్సిందే. ఈ దారి 1990ల నుంచి విడతల వారీగా బ్రాడ్ గేజీ అయింది. బస్తాకు తిప్పలు తప్పాయి, బాగానే ఉంది. కానీ మీటరు గేజీ ఆనవాలు కూడా పోయింది. పాత పట్టాల జత ఒకటి, కొత్త జత పక్కనే స్టేషన్ ముందు పరిచి ఉంచితే ఎంత ఖర్చని? పిల్లలు కాళ్లు చాపి కొలుచుకునేవాళ్లు.

ఇక కాచిగూడ. 1916లో ఏడో నిజాం హయాంలో కట్టిన గుమ్మటాల స్టేషన్. నిజాం రైల్వే చరిత్రను చెప్పేందుకు మ్యూజియం పెట్టింది ఇక్కడే. అసలు భవనమే పెద్ద ప్రదర్శన. పరదా పాటించే ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా రైలెక్కి దిగేందుకు అప్పట్లో ప్రత్యేక ఏర్పాటు ఉండేది. లోపలి ఫొటోల దగ్గర ఎంతసేపు నిలబడ్డా, ఈ సంగతి తెలిసి ప్లాట్‌ఫారం మీద నడిస్తే వేరుగా ఉంటుంది.

పాత సెలూన్ పెట్టెల్ని కళ్లారా చూడాలంటే మాత్రం ఢిల్లీ వెళ్లాలి. 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియంలో 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూన్ ఉంది. అంతదూరం పోలేనివాళ్లు ఇంట్లోనే నమూనా తయారు చేసుకోవచ్చు. బొమ్మరైళ్ల అభిమానులు ఎక్కువగా వాడే కొలత 87వ వంతు. ఆ లెక్కన 21 మీటర్ల బోగీ జానెడు అట్టముక్క. కొలతలు పిల్లలు చూసుకుంటారు. కిటికీలు ఎలా ఉండేవి, బొగ్గు నలుసులు కంట్లో ఎలా పడేవి అన్నది మాత్రం మీటరు గేజీ రైలెక్కిన తాతయ్యనే అడగాలి, అదీ ఈ సెలవుల్లోనే.