శరణార్థుల లెక్క ఎవరు రాయాలి?

అమెరికాలో శరణార్థుల చట్టం ఒకటి వుంది. 1980లో చేశారు. ఏడాదికి ఎంతమందిని దేశంలోకి రానివ్వాలో ఆ దేశాధ్యక్షుడు ఒక అంకె వేస్తాడు. ఇంతకు మించి రాకూడదనే గానీ, ఇంతకు తగ్గకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అందుకే ఒక ప్రభుత్వం వేసిన 1,25,000 అంకెని తరవాతొచ్చిన ప్రభుత్వం 2026 ఆర్థిక సంవత్సరానికి 7,500కి దించేసింది. ఒక్క సంతకంతో పని అయిపోయింది. ఇలాంటిది జరగకుండా వుండాలనే 2019 నించీ అక్కడి చట్టసభలో ఒక బిల్లు పెడుతూ వస్తున్నారు. ఏడాదికి కనీసం 95,000 మంది అని మొదట, 1,25,000 అని తరవాత. అది ఇంకా చట్టం కాలేదు. దాని కోసం మామూలు జనం తమ సభ్యులకి ఉత్తరాలు రాస్తున్నారు, ఫోన్లు చేసి నిలదీస్తున్నారు.

అమెరికా గొడవ ధవళేశ్వరంలో మనకెందుకని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఏటిగట్టు మీద గుడిసె వేసుకున్నవాడికి పట్టా లేదు. ఆనకట్ట దగ్గర నీళ్లు పదకొండు అడుగుల డెబ్బైఐదు దాటాయంటే మొదటి ప్రమాద హెచ్చరిక, లంకల్లో మనోళ్లు మూటాముల్లే సర్దుకోవాలి. మనకే దిక్కు లేదు, ఊరుకాని ఊరి వాళ్ల సంగతి మనకెందుకు అనే మాట కడుపుమంటలోంచి వచ్చిందే. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే మన చరిత్ర మనమే మర్చిపోయినట్టు.

1985లో కారంచేడులో ఆరుగుర్ని చంపితే మిగిలినవాళ్లు ఎక్కడికి పోయారు? చీరాలకి. 1991లో చుండూరులో ఎనిమిది మందిని నరికితే తెనాలికి. పుట్టిన ఊళ్లోంచి ప్రాణాలు పట్టుకుని పారిపోయి పరాయి ఊళ్లో శిబిరంలో తలదాచుకున్న వాణ్ణి ఏమంటారు? వాళ్లు దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి ఏ లెక్కలోనూ శరణార్థులు కాలేదు. అంతే తేడా.

సరిహద్దు దాటినవాళ్లూ మనలో వున్నారు. కాకినాడ రేవులో పడవెక్కి రంగూన్ పోయిన గోదావరి జిల్లాల కూలీలు వేలకి వేలు. కోరంగి రేవు పేరు పెట్టి వాళ్లని అక్కడ కోరంగీలన్నారు, గౌరవంగా అయితే కాదు. రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, పాకీ పని చేశారు. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే బర్మా కూలీల్ని తెచ్చి పని చేయించారు. సమ్మె తేలగానే వాళ్లని పొమ్మన్నారు. కంపెనీల మీద పడాల్సిన కోపం పేదవాళ్ల మధ్య కత్తులై, వందమందికి పైగా చచ్చారు. 1942లో జపాన్ వాడు వస్తే లక్షలాది మంది అడవుల వెంట నడిచి ఇండియాకి వచ్చారు. దారిలో రోగాలతో, ఆకలితో రాలిపోయినవాళ్లకి సరైన లెక్కే లేదు. ఆ చావు దారుల్లో కూడా తెల్లవాళ్లకో దారి, నల్లవాళ్లకో దారి పెట్టారు! 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక మళ్లీ ఇంకో వరస వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఊరికే పడలేదు. ఈ రోజు అదే బర్మా నించి తరిమేస్తే వచ్చిన రోహింగ్యాలు హైదరాబాదు బాలాపూర్‌లో చెత్త ఏరుకుని బతుకుతున్నారు. వాళ్లని చూసి మొహం తిప్పుకునే హక్కు కోరంగీల మనవలకి వుందా?

శరణార్థుల్లో కూడా కులం వుంది. దేశ విభజనప్పుడు పాకిస్తాన్‌లో పాకీ పనికి మనుషులుండరని మనోళ్లని కదలనివ్వలేదు. వచ్చినవాళ్లని ఇక్కడి అధికారులు శరణార్థులుగా చూడలేదు. బాబాసాహెబ్ 1947 డిసెంబర్లో నెహ్రూకి ఉత్తరం రాసి ఇదంతా అడిగారు. మంత్రిగా వుండి కూడా ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇక పంజాబులో, అక్కడ భూమి వదిలొచ్చిన వాడికే ఇక్కడ భూమి. వదలడానికి సెంటు కూడా లేనివాడికి ఏముంది? తూర్పు బెంగాల్ నించి వచ్చిన నామశూద్రుల్ని దండకారణ్యంలో పడేశారు. అక్కడ బతకలేక సుందర్బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవికి చేరితే 1979లో పోలీసుల్ని పెట్టి తరిమారు, కాల్చారు. మన పక్కనే కాగజ్‌నగర్‌లో స్థిరపడ్డ నామశూద్రులకి ఎస్సీ సర్టిఫికెట్టు లేదు. బెంగాల్లో అంటరానివాడు తెలంగాణకి రాగానే అంటదగినవాడైపోయాడట!

శరణార్థి ఎవరో, అతనికి ఏం హక్కులున్నాయో చెప్పే చట్టం ఈ దేశంలో లేదు. 1951 నాటి ఒడంబడిక మీద మన ప్రభుత్వం సంతకం పెట్టలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా శరణార్థికి వేరే చోటు ఇవ్వలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం మతం చూసి తలుపు తీస్తుంది. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు బతికే హక్కు పౌరుడికే కాదు, మనిషన్న ప్రతివాడికీ వుందని చెప్పింది. 2015లో లోక్‌సభలో శశి థరూర్ శరణార్థుల బిల్లు ఒకటి పెట్టారు, అది అక్కడే ఆగిపోయింది.

అంకె వుంటే చాలదన్న సంగతి మేము ఒప్పుకుంటాం. 1964లో ఇండియా, సిలోన్ ప్రధానులు కూర్చుని తేయాకు తోటల కూలీల్ని 5,25,000 మంది మీకు, 3,00,000 మంది మాకు అని పశువుల్లా పంచుకున్నారు. ఆ కూలీల్లో ఎక్కువమంది తమిళ దళితులు. వాళ్లనెవరూ అడగలేదు. అది కూడా అంకే. కాబట్టి మేమడిగేది ‘కనీసం’ అనే మాట. అమెరికా లాగా విమానంలో ఎంచి తెచ్చుకోవడం కాదు మనది, ఇక్కడికి కాలినడకన వస్తారు. 1983 నించి తమిళనాడు శిబిరాల్లో వున్న లంక తమిళులున్నారు. ఏటా ఇంతమందికి తగ్గకుండా పౌరసత్వం, ఇల్లు ఇవ్వాలని చట్టంలోనే రాయాలి. ప్రభుత్వం ఆ అంకె పెంచొచ్చు, తగ్గించకూడదు.

ఈ కనీసం విలువ మనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. 15 శాతం అంటే ఇంతకు తగ్గకూడదని అర్థం. ఆఫీసర్లు దాన్ని ఇంతకు మించకూడదు అని చదివారు. ఓపెన్‌లో నెగ్గిన మన పిల్లోణ్ణి తెచ్చి ఎస్సీ పాయింటులో కూర్చోబెట్టే విద్య వాళ్లది. సబ్‌ప్లాన్ డబ్బు ఉత్తర్వుల మీద నడిచినన్నాళ్లూ రోడ్లకీ, మరోదానికీ పోయింది. ఉద్యమం చేస్తే 2013లో చట్టం వచ్చింది. ఇప్పుడూ మళ్లిస్తున్నారు, కాదనం. కానీ ఫలానా సెక్షన్ ఏమైందని అడగడానికి నోరు వచ్చింది.

అందుకే ఉత్తరాలు రాద్దాం. ప్రభుత్వం కాక సభ్యుడు సొంతంగా పెట్టిన బిల్లు 1970 తరవాత ఒక్కటీ నెగ్గలేదని మాకు తెలుసు. నెగ్గేది ప్రభుత్వ బిల్లే, దాన్ని పెట్టించాల్సింది మనం. లోక్‌సభలో ఎస్సీ రిజర్వుడు సీట్లు 84. అందులో అమలాపురం ఒకటి. ఆ 84 మందికీ, మన రాజమండ్రి సభ్యుడికీ విడివిడిగా రాయాలి. ఇంగ్లీషు రాదని జంకొద్దు. అధికారులకి ఏ విన్నపమైనా మన భాషలో ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది, సభ్యుడికైతే అసలే అభ్యంతరం వుండకూడదు. తెలుగులోనే రాయండి. బర్మా పోయొచ్చిన తాతమ్మ కథ మీ ఇంట్లో వుంటే అది రాయండి. చివర్లో ఒకటే ప్రశ్న వెయ్యండి: కనీస సంఖ్య పెట్టే చట్టానికి మీరు ఓటేస్తారా, వెయ్యరా? జవాబొస్తే మాకు పంపండి, అచ్చేస్తాం. రాకపోతే ఎవరెవరు జవాబివ్వలేదో ఆ పేర్లు కూడా అచ్చేస్తాం.