చేప తలలోని రాయి



గొరక చేప తల పులుసు తినేవాళ్ళకు పంటి కింద తెల్లటి రాయి తగలడం అలవాటే. అది చేప చెవిరాయి. వినడానికీ, నీళ్ళలో ఒరిగిపోకుండా నిలవడానికీ చేపకు అదే ఆధారం. ఈ సంచికను మలుగుపాముల చెవిరాళ్ళకు కేటాయించాం.

మలుగుపాము ఎముకలు సన్నవి, చచ్చాక చెల్లాచెదురైపోతాయి. లెబనాన్ సున్నపురాతిలో దాదాపు 9.5 కోట్ల ఏళ్ళ నాటివి ఒళ్ళంతా చెక్కుచెదరకుండా దొరికాయి, అది మన అదృష్టం. చాలాచోట్ల మిగిలేది చెవిరాయి ఒక్కటే. గోరుమీద పట్టే ఆ రాయిని భూతద్దం కింద తిప్పితే లోపలి ముఖం మీద ఒక గాడి కనిపిస్తుంది. కొన్ని సముద్రపు మలుగుల్లో ఆ గాడి ముందు భాగం నుంచి సన్నని పాయ పై అంచుకేసి ఎక్కుతుంది. ఆ పాయే కుటుంబం పేరు చెబుతుంది! 1884లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ కోకెన్ ఈ చదువుకు గట్టి పునాది వేశారు. మన హైదరాబాద్ దగ్గరి రంగాపూర్ రాళ్ళలోనూ పూర్వపు చేపల చెవిరాళ్ళు దొరికాయి.

నేడు యూరప్ మలుగుపాము అంతరించిపోయే అంచున ఉంది. దాని వయసు లెక్కగట్టేదీ చెవిరాయిలోని వలయాలతోనే. ఉన్నదాన్ని కాపాడేవారికీ, ఏనాడో పోయినదాన్ని గుర్తుపట్టేవారికీ ఆధారం ఒకటే. ఈ సంచికలోని రచనలను కలిపే దారం అదే.

ఈసారి గొరక వండినప్పుడు ఆ రెండు రాళ్ళనూ పారేయకండి. కడిగి, ఆరబెట్టి, పిల్లలకు చూపించండి.