రుసుము వారికి, పూచీ మనకు

భారత శిక్షాస్మృతి పుట్టిన ఊరు కలకత్తా. 1834లో ఈ దేశానికి వచ్చిన మెకాలే ఆ నగరంలో కూర్చుని, సహచరులతో కలిసి రూపొందించిన ముసాయిదాను 1837లో ప్రభుత్వానికి సమర్పించాడు. అది చట్టమైంది 1860లో. దొంగతనాన్ని వివరించేందుకు ఆ చట్టం ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి ధనపు పెట్టె మోసుకుపోతున్న ఎద్దు. పెట్టె కాజేయాలన్న దుర్బుద్ధితో ఎవడైనా ఆ ఎద్దును ఒక దిక్కుకు తోలితే, ఎద్దు కదిలిన క్షణానే దొంగతనం పూర్తి అయినట్లు.

2023 డిసెంబరులో పార్లమెంటు ఆ స్మృతి స్థానే భారతీయ న్యాయ సంహితను ఆమోదించింది. ఎద్దు మాత్రం 303వ సెక్షనులో పదిలంగా నడుస్తూనే ఉంది. ఎద్దు మీద ఈ లేఖకునికి అభ్యంతరం లేదు. మోటారు బండి గురించి సభలు మరికాస్త ఆలోచించి ఉంటే బాగుండేదని మాత్రమే మనవి. కాని ఆలోచించేదెవరు? ఆ శీతకాల సమావేశాలలో సస్పెండయిన ప్రతిపక్ష సభ్యులు ఉభయసభలలో కలిపి 146 మంది. దేశంలోని ప్రతి ఠాణాకూ, ప్రతి కోర్టుకూ కొత్త పుస్తకాన్ని ఇచ్చే బిల్లులు సగం ఖాళీ అయిన ప్రతిపక్ష బల్లల ఎదుట గట్టెక్కాయి.

మోటారు దొంగల విషయంలో సంహిత చేసిన మార్పు చిన్నది కాదు. మామూలు దొంగతనానికి శిక్ష పాత చట్టంలో వలెనే మూడేళ్ల వరకు. సరుకులనుగాని, ప్రయాణికులనుగాని చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే, లేదా అటువంటి వాహనంలోంచి వస్తువులు ఎత్తుకుపోతే, 305వ సెక్షను ప్రకారం ఏడేళ్ల వరకు. లారీ విషయంలో అనుమానం లేదు. మరి గుమాస్తాగారు ఆఫీసుకు వెళ్లే సొంత స్కూటరు సంగతి? అది ప్రయాణికులను చేరవేసే వాహనమా, కాదా? ఇది కోర్టులు తేల్చవలసిన చిక్కు. బిల్లు మీద కూలంకష చర్చ జరిగి ఉంటే ఒక్క వాక్యంతో పోయేది. ఇంకొక విశేషం. దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయలలోపు ఉండి, నేరం మొదటిసారిదై, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చివేస్తే శిక్ష సమాజసేవ. అద్దం పగులగొట్టి ఏ పాత రేడియోనో పట్టుకుపోయిన కుర్రవాడిని జైలుకు పంపి ఆరితేరిన దొంగను చేయడం కంటె ఇది మేలే. పగిలిన అద్దం ఖర్చు మాత్రం యజమానిదే.

ఈ చట్టం మాట అలా ఉంచి కలకత్తా వీధుల్లోకి వద్దాం. నగర విస్తీర్ణంలో రోడ్లకు దక్కినది ఆరు శాతం చుట్టూ అని చాలాకాలంగా చెప్పుకొంటున్న మాట. ఢిల్లీలో ఆ వాటా ఇరవై శాతం దాటుతుంది. న్యూ మార్కెట్ దగ్గర లిండ్సే వీధిలో భూగర్భ పార్కింగు కట్టారు. అయినా బడాబజారులో, చౌరంగీ పక్క వీధుల్లో బండి నిలిపేది రోడ్డు అంచునే. రుసుము వసూలు చేసే మనిషి వస్తాడు, చీటీ ఇస్తాడు. నిజానికి ఆ చీటీ కొన్నది కొద్ది గంటలపాటు నేల మాత్రమే. బండికి కాపలాను కాదు.

న్యాయశాస్త్రంలో ఇక్కడొక గీత ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్ కేసులో తీర్పు చెప్పింది. 1998లో ఒక అతిథి కారు తాళంచెవిని హోటలు సిబ్బందికి అప్పగించాడు. తిరిగి వచ్చేసరికి కారు లేదు. చీటీ మీద ‘యజమాని పూచీ’ అని అచ్చువేసి ఉన్నదని హోటలు వాదించింది. తాళంచెవి పుచ్చుకున్నవారు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం బండిని తమ సొంత సొత్తువలె చూసుకోవలసినవారనీ, తమ అజాగ్రత్తకు బాధ్యతను చీటీ మీది ఒక వాక్యంతో దులిపివేసుకోలేరనీ కోర్టు తేల్చింది. మంచి తీర్పు. కాని తాళంచెవి మన జేబులోనే ఉంటే, వీధి పార్కింగు వసూలుదారుకు ఇది నేరుగా తగలదు. గీత అక్కడే ఉంది. సామాన్యుడు గీతకు అవతల ఉన్నాడు.

విడ్డూరమేమిటంటే రద్దీ బజారులలో ఆ వసూలుదారులే కార్లను అటూ ఇటూ నెట్టి ఇరికించడానికి హ్యాండ్ బ్రేకు వేయవద్దంటారు, గేరులో ఉంచవద్దంటారు. గేరు తాళం వేస్తే ముఖం చిట్లిస్తారు. దొంగకు అన్నిటికంటె విసుగు పుట్టించేవి గేరు తాళం, స్టీరింగు కడ్డీ. ఈనాటి తాళంచెవి లేని కార్లలో ఇంటిలోని చెవి సంకేతాన్ని పరికరంతో అందుకుని, వీధిలోని కారును మోసగించి తలుపు తెరిచే దొంగలున్నారు. లోపలి కంప్యూటరుకు తీగ తగిలించి కొత్త చెవిని తయారుచేసుకునేవారూ ఉన్నారు. ఇనుప కడ్డీని మాత్రం కోయాలి. కోతకు చప్పుడు, సమయం రెండూ కావాలి. ఉత్తరపాడాలో 2014 వరకు తయారైన అంబాసిడరు కాలం నాటి ఈ మొరటు ఉపాయం ఇంకా పాతబడలేదు. దానిని వేయవద్దనే వసూలుదారు బండి పోతే జవాబు చెప్పనంటాడు. రుసుము తీసుకుని, నెట్టే హక్కునూ తీసుకున్నవాడు పూచీ కూడా తీసుకోవాలి. పార్కింగు వేలంపాటల షరతులలో ఈ ఒక్క షరతు చేర్చడానికి కలకత్తా నగరపాలక సంస్థ పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కరలేదు. మన హైదరాబాదు, విజయవాడ, విశాఖ సంస్థలూ అంతే.

తెలుగువారికి ఇది దూరపు గొడవ కాదు. ఆకివీడు, కైకలూరు చెరువుల చేపలు ఐసులో సర్దుకుని జాతీయ రహదారి మీద హౌరా బజారుకు పోతాయి. సరుకు దించిన లారీ, నిద్రలేని డ్రైవరు, తెలియని భాష. బ్యాంకు అప్పుతో ఒకే లారీ కొన్న యజమానికి అది పోతే ఇల్లు పోయినట్లే. థర్డ్ పార్టీ బీమాతో దొంగతనానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉండాలి. పాలసీ ఉన్నా, చెవి బండిలోనే వదిలేశారని బీమా సంస్థ ఎగవేయజూస్తుంది. డ్రైవరు అలా వదిలి దిగినప్పుడు పోయిన లారీ విషయంలో 2023లో సుప్రీంకోర్టు బీమా మొత్తంలో 75 శాతం ఇప్పించింది. పాతిక శాతం ఆ అజాగ్రత్త ఖరీదు. ఠాణాలో ఫిర్యాదు వెంటనే నమోదయితే, బీమా సంస్థకు కబురు ఆలస్యమైందన్న ఒక్క సాకుతో పరిహారం నిరాకరించరాదని 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కాబట్టి మొదటి పరుగు ఠాణాకే. ‘ఇది మా సరిహద్దు కాదు’ అన్న పాత పల్లవికి 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను తావివ్వదు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా చెల్లుతుంది, మూడు రోజులలో సంతకం చేస్తే చాలు.

కలకత్తాలో డిటెక్టివ్ శాఖ 1868 నాటిది. మోటారు దొంగతనాలకు లాల్ బజారులో ప్రత్యేక విభాగమే ఉంది. బండి దొరికిన తరువాత మరొక కష్టం. ఠాణా ఆవరణల్లో తుప్పు పట్టే వాహనాలను చూడనివారెవరు? వాటిని అలా కుళ్లబెట్టవద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కొత్త సంహిత 497వ సెక్షను గడువే పెట్టింది: 14 రోజుల్లో వివరాల జాబితా, ఛాయాచిత్రాలు; ఆపై 30 రోజుల్లో అప్పగింతకు కోర్టు ఉత్తర్వు. ఈ గడువు ఎన్ని కేసుల్లో పాటించారో రాష్ట్రాల వారీగా చెప్పమని మన సభ్యుడెవరైనా హోంమంత్రిని అడగవచ్చు. నక్షత్రపు గుర్తు లేని ప్రశ్నగా వేసినా రాతపూర్వకంగా జవాబు వస్తుంది.