పుస్తకంలో లేని తెలుపు

ఇష్టపడి చదువుకున్న నవల సినిమాగా వస్తోందంటే పాఠకులకు సంబరంతో పాటు గుబులు కూడా వుంటుంది. మనసులో గీసుకున్న బొమ్మను తెర చెరిపేస్తుందేమోనని భయం. సినిమా చూశాక "మా పుస్తకాన్ని పాడుచేశారు" అని నిలదీసే హక్కు వాళ్లకు తప్పకుండా వుంది. అయితే ఆ కోపం ఎవరి పక్షాన నిలబడుతోంది, ఎవరి మీద విరుచుకుపడుతోంది అన్నది మనం అడగవలసిన ప్రశ్న. అమెరికాలోని మూడు సంఘటనలు ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నాయి.

ఉర్సులా లెగ్విన్ 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అనే మాంత్రిక నవల రాశారు. అందులో కథానాయకుడు గెడ్‌ది రాగి వన్నె. అతని ప్రాణస్నేహితుడు నల్లవాడు. తెల్లవాళ్లు ఒక మూల దీవుల్లో మాత్రమే వుంటారు. 2004లో దీన్ని టెలివిజన్ చిత్రంగా తీసినవాళ్లు గెడ్ పాత్రను తెల్లజాతి నటుడికి ఇచ్చారు. లెగ్విన్ కాగితం మీద సలహాదారు. ఆచరణలో ఆమె మాట ఎవరూ వినలేదు. ఆమె బహిరంగంగా నిరసన తెలిపారు. ఇలాంటి కథల్లో తమకూ చోటుందని ఈ పుస్తకాల వల్లే అనిపించిందని నల్లజాతి, ఇతర జాతుల పాఠకులు తనతో చెప్పుకున్న సంగతి గుర్తుచేశారు. ఆ చోటునే తెర లాగేసుకుంది.

2012లో 'ది హంగర్ గేమ్స్' విడుదలైనప్పుడు దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. సుజాన్ కాలిన్స్ 2008 నాటి నవలలో రూ అనే పన్నెండేళ్ల పాప ముదురు గోధుమ రంగు పిల్ల అని స్పష్టంగా రాసి వుంది. ఆ పాత్రను నల్లజాతి బాలిక అమాండ్లా స్టెన్‌బర్గ్ వేసింది. ఈసారి పుస్తకాన్ని మార్చింది సినిమా కాదు, అభిమానులు. రూని తెల్లపిల్లగా వూహించుకుని చదివినవాళ్లు ఆగ్రహించారు. ఆమె నల్లపిల్ల అని తెలిశాక ఆ చావు అంత బాధ కలిగించలేదని కూడా కొందరు రాశారు. ఎవరి చావుకు ఏడవాలో కూడా రంగే నిర్ణయిస్తోందన్నమాట!

2022లో 'పెర్సీ జాక్సన్' ధారావాహికలో ఆనబెత్ పాత్రకు పన్నెండేళ్ల నల్లజాతి బాలిక లియా జెఫ్రీస్‌ను ఎంపిక చేశారు. నవలలో ఆనబెత్‌ది బంగారు రంగు జుట్టన్న మాట నిజమే. కానీ 2010 సినిమాలో ఆ పాత్ర వేసిన తెల్లజాతి నటికీ బంగారు జుట్టు లేదు. అప్పుడు జుట్టు గురించి సణిగారు, అంతే. ఇప్పుడు ఒక చిన్నపిల్లను జాతి పేరుతో దూషించారు. రచయిత రిక్ రియర్డన్ ఇది జాతివివక్షేనని ఖండించి ఆ పాప పక్షాన నిలిచారు.

'పుస్తకానికి విధేయత' అన్న మాట వెనక దాగిన ఆధిపత్య భావజాలం ఇది. రంగు చెప్పని చోట తెలుపు అనుకోవడం, చెప్పినా తెలుపుగానే చదువుకోవడం దాని పద్ధతి. లెగ్విన్ నిరసన తుడిచివేయబడిన వాళ్ల కోసం. మిగిలిన రెండు నిరసనలూ కొత్తగా లోపలికి అడుగుపెట్టిన ఆడపిల్లలను బయటికి నెట్టడానికి. రెండింటినీ అభిమానుల గొడవ అని ఒకే గాటన కట్టలేం.

ఇది అమెరికా సంగతే కదా అని వూరుకోలేం. పెళ్లి ప్రకటనల్లో 'తెల్లని పిల్ల' కావాలని అడిగే సమాజం మనది. ఈసారి బాలికల శిబిరంలో ఒక కథ చదివి వినిపించి, అందులోని రాకుమారి బొమ్మ గీయమని అడుగుదాం. పిల్లలు ఏ రంగు పెన్సిలు అందుకుంటారో చూద్దాం. తనలాంటి పిల్లను రాకుమారిగా వూహించుకోగలగడం కూడా ఆడపిల్ల హక్కే. ఆ హక్కు గురించిన మాట అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.