గోలెం అంచు రుద్దండి

చివ్వెంల మండలంలోని అన్ని ఊళ్ల వారికీ, సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే పక్కన దుకాణాలు నడుపుకునే వారికీ ఈ విన్నపం.

వానలు పడగానే మనం పంచాయతీని అడిగే మొదటి మాట, "పొగ మిషన్ ఎప్పుడొస్తది?" అని. మిషన్ వస్తుంది. వాడంతా తెల్లగా కమ్ముకుంటుంది, పిల్లలు దాని వెంట ఉరుకుతారు, మనకు పని జరిగినట్టు తృప్తిగా ఉంటుంది. రెండు రోజులు తిరగకుండానే దోమలు మళ్లీ కాళ్ల చుట్టూ చేరతాయి. ఆ పొగ ఎగిరే దోమనే చంపుతుంది. నీళ్లలో ఉన్న పురుగునూ గుడ్డునూ ముట్టుకోదు. పొగ వద్దని అనడం లేదు గానీ, దాని మీద పెట్టుకున్న నమ్మకంలో సగం మన ఇంటి గోలెం మీద పెట్టాలి.

ఎందుకంటే డెంగీ, చికున్‌గున్యా మోసే దోమ మురికి కాలువలో పుట్టేది కాదు. వరి మడిలోనూ పుట్టదు. కాళ్ల మీద తెల్ల చారలుండే ఆ దోమకు మన ఇంటి మంచి నీళ్లే కావాలి. పట్టపగలే కుడుతుంది. పుట్టిన చోటు నుంచి మామూలుగా ఎక్కువ దూరం పోదు. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ చాలావరకు మీ ఇంట్లోనో మీ చుట్టుపక్కల ఇళ్లలోనో పుట్టిందే. కాలువను తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు.

ఈ సంగతి నాకు సిగ్గుపడుతూనే తెలిసింది. పోయిన వానకాలం మా ఇంటి గోలెంలోకి సెల్‌ఫోన్ లైటు కొట్టి చూశాను. పైకి అద్దంలా ఉన్న నీళ్లు. లైటు పడగానే వందల కొద్దీ సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి. కాసేపటికి ఒక్కొక్కటే మళ్లీ పైకొచ్చి, తల కిందికి వేలాడేసి, తోక కొనతో గాలి పీల్చుకున్నాయి. వాటి మధ్య కామాల్లాగా వంకర తిరిగినవి కొన్ని ఉన్నాయి. అవి ఇంకో రెండు రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోయేవి. వాకిట్లో వాడకుండా మూలన పడేసిన పాత రోట్లోనూ ఇదే కథ. ఊరందరికీ శుభ్రత గురించి చెప్పే మనిషిని నేను!

మన దగ్గర నీళ్లు నిల్వ చేయడం ఏదో బద్ధకంతో వచ్చిన అలవాటు కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి ఎముకలు వంగిన మనుషులను చూసిన జిల్లా మనది. మంచి నీళ్లు వచ్చినప్పుడే బిందె, బకీటు, డ్రమ్ము నింపుకోవాలని మన అమ్మలు నేర్పారు. నల్లా వచ్చాక కూడా ఆ భయం పోలేదు. అందుకే ఆశా కార్యకర్త వచ్చి "డ్రమ్ము పారబొయ్యండి" అంటే, "పట్టుకున్న నీళ్లు పారబొయ్యమంటే ఎట్లనమ్మా?" అని ఇంటావిడ ఎదురడుగుతుంది. ఆ అడగడంలో న్యాయం ఉంది.

కాబట్టి పారబోయకండి. పాత చీర ముక్కను రెండు మడతలు వేసి, వేరే బిందెలోకి వడకట్టండి. బట్టలో మిగిలిన పురుగులను ఎండిన నేల మీద దులపండి. మోరీలో వేస్తే అక్కడ బతుకుతాయి. తర్వాత అసలు పని ఉంది. ఆ దోమ గుడ్లు నీళ్ల మీద తేలవు. నీటి గీతకు కాస్త పైన, గోలెం గోడకు నల్లటి చుక్కల్లా అంటుకుని ఉంటాయి. గోలెం ఎండబెట్టినా నెలల తరబడి చావవు; మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. నీళ్లు మార్చి, గోడ రుద్దకుండా వదిలేస్తే సగం పనే అయినట్టు. కొబ్బరి పీచుతో అంచు చుట్టూ గట్టిగా రుద్ది, కడిగి, వడకట్టిన నీళ్లు తిరిగి పోసుకుని, బట్టతో మూతి కట్టండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని పెట్టింది అందుకే. ఒక్క వారం తప్పితే పురుగు గెలుస్తుంది.

కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, మూత పగిలిన ఓవర్‌హెడ్ ట్యాంకు కూడా చూడండి. పశువుల గాబులో, వాడని బావిలో గంబూసియా చేపలు వేస్తే పురుగులను అవే తినేస్తాయి. మురికి కాలువలో పుట్టే దోమ వేరే. అది బోదకాలు మోస్తుంది. ఆ కాలువ తీయించమని పంచాయతీని నిలదీయాల్సిందే.

ఇక వ్యాపారులకు ఒక మాట. పంక్చర్ షాపు పక్కన ఆరుబయట పేర్చిన పాత టైర్లు దోమకు రాజభవనాలు. టైరును ఎటు తిప్పినా లోపల గిన్నెడు నీళ్లు మిగులుతాయి, ఎండ తగలదు. మన దోమకు చుట్టమైన పులిచారల దోమ జపాన్ నుంచి వెళ్లిన పాత టైర్లలో గుడ్లుగా సముద్రం దాటి 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో తేలింది. సముద్రం దాటినదానికి దురాజ్‌పల్లి నుంచి సూర్యాపేట ఎంత దూరం? టైర్లు రేకుల కింద పెట్టండి. వీలుకాకపోతే గట్టిగా తాడిపత్రి కప్పండి, అది కుంగి నీళ్లు నిలవకుండా చూడండి. కొబ్బరిబొండాల వాళ్లు, పాత సామాను కొనేవాళ్లు, ఇళ్లు కట్టే మేస్త్రీలు, దాబాల వాళ్లు తమ చుట్టూ ఒక్కసారి వంగి చూడండి. పెద్దగట్టు జాతరలో మనం పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు కూడా వానకాలం దాకా అక్కడే ఉంటాయని గుర్తుంచుకోండి.

దోమ మలేరియాను మోస్తుందని ప్రపంచానికి తెలిసిందే మన పక్కన. 1897 ఆగస్టు 20న హైదరాబాద్ బేగంపేటలో డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ చేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. మనమేమో ఇప్పటికీ ఊరికే కుట్టించుకుంటున్నాం.

జ్వరమొస్తే సూది మందు కోసం పరుగెత్తకండి. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే వేళకే వస్తుంది. అప్పుడు కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా సూర్యాపేట పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఈ శుక్రవారం పొద్దున చాయ్ తాగి, సెల్‌ఫోన్ లైటు, పీచు పట్టుకుని గోలెం దగ్గరికి వెళ్లండి. మీది అయిపోయాక పక్కింటి ముసలమ్మ గోలెం కూడా రుద్దిపెట్టండి, ఆమె వంగలేదు.